భీమక్క అలికిన బోరు

భీమక్క సంగతి చెప్పాలంటే ముందు నా ప్యాంటు సంగతి చెప్పాలి. ఇష్టం లేదు గానీ, తప్పదు.

పన్నెండేళ్ల కిందటి మాట. కోసిగి నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక మట్టిరోడ్డు పట్టుకుని నాలుగు మైళ్లు లోపలికి పోతే ఆమె ఊరు. నేనుండేది ఆదోనిలో. భూగర్భజలాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఫీల్డు మనిషిని, పేరు హనుమంతరాయుడు. భూమి లోపల నీళ్లు ఏడాదికెంత దిగుతున్నాయి, వాన పడితే ఎంత ఎక్కుతున్నాయి అని లెక్క కట్టడానికి మా వాళ్లు ఈ పడమటి మండలాల్లో ముప్పై బోర్లు ఎంచుకున్నారు. మోటారున్న బోరు పనికిరాదు. మోటారు తిరిగితే నీటిమట్టం తారుమారవుతుంది. ఎవరికీ అక్కరలేని బోరు కావాలి. ఆ ఊళ్లో అడిగితే అందరూ ఒకే చేను వైపు చెయ్యి చూపించారు.

"బసప్ప బోరా? పోండి సార్, ఖాళీగానే ఉండాది. ఆయప్పకొక్కనికే దాంట్లో నీళ్లు ఇనపడతాండె" అన్నాడు టీ కొట్టు దగ్గర జయన్న. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

బసప్ప భీమక్క మొగుడు. నేను వెళ్లేనాటికి పోయి ఏడాదిన్నర అయింది. ఉన్న మూడెకరాల్లో బోరు వేయించాడు. రెండు వందల ముప్పై అడుగులు పోయాక తెల్ల దుమ్ము తడిగా వచ్చింది. మోటారు దించితే అయిదు నిమిషాలు నీళ్లు పోసి, తర్వాత గాలి కొట్టింది. బోరు బండి వాళ్లు సామాను సర్దుకుని పోయారు. బసప్ప మాత్రం పైపుకు చెవి ఆనించి, "ఉండాయి. సప్పుడు ఇనపడతాంది" అన్నాడు. అని ఊరుకోకుండా పైపు చుట్టూ సిమెంటు గట్టు కట్టి, నీళ్లు పడిన బోరుకు చేసినంత సంబరంగా ఆ పచ్చి సిమెంటులో కుడి అరచెయ్యి అచ్చు వేశాడు. ఇంకేముంది, ఊరికి కావలసినంత కాలక్షేపం దొరికింది. ఎదురుపడిన ప్రతివాడూ "బసప్పన్నా, గంగమ్మ ఏమంటాంది ఈపొద్దు?" అని అడిగేవాడు. ఆ చలికాలం మొగుడూ పెళ్లాలు అందరితోపాటు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతకు పోయారు. సాలు మధ్యలో నీళ్లు తాగుతానని కూర్చున్న బసప్ప మళ్లీ లేవలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదటి రోజు నాకు తెలిసింది ఒక్కటే: చేనులో ఒక పైపు, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడిన ఒక బక్కపలచటి మనిషి. నా దగ్గర చుట్టగా చుట్టిన టేపు ఉంది. కొసకు చిన్న గుండు, అది నీళ్లను తాకితే పైన కుయ్యిమని మోగుతుంది. దించాను. ముప్పై ఎనిమిది మీటర్ల దగ్గర కూత వచ్చింది.

"ఏందప్పా అది?" అంది.

"నీళ్లు తగిలాయక్కా."

ఆమె నా ముఖం వైపే చూసింది. "మల్లొకతూరి ఇడువు."

మళ్లీ దించాను. మళ్లీ మోగింది. మూడోసారీ దించమంది. మూడోసారి అంకె దగ్గరగా చూద్దామని పూర్తిగా వంగాను. అప్పుడు నా ప్యాంటు వెనకాల కుట్టు పైనుంచి కిందిదాకా చర్రుమని విచ్చుకుంది. ఆ చప్పుడు చేను అవతల దాకా వినిపించి ఉంటుంది.

భీమక్క తల మీది తువ్వాలు తీసి, పక్కకు చూస్తూ నా చేతికిచ్చింది. "సుట్టుకోప్పా. ఆయప్పకు తప్ప ఎవురికీ తెలీని నీళ్లు సూపిచ్చినావు. నేనింకేమీ సూడలేదు పో."

ఆ తువ్వాలు చుట్టుకుని, పైపు పక్కనే కదలకుండా నిలబడి ఆమెకు పని నేర్పాను. నీళ్ల సంగతీ చెప్పాను. మన కింద ఉన్నది బండ. బండలో వెంట్రుక వాసి పగుళ్లు. వాటిలోంచి నీళ్లు ఊరి బోరులో నిలబడతాయి గానీ, మోటారు అయిదు నిమిషాల్లో పీల్చేసింది మళ్లీ ఊరడానికి ఒక రోజు పడుతుంది. మోటారుకైతే నీళ్లు లేవు, టేపుకైతే ఉన్నాయి.

"అంటే ఉండాయి."

"ఉన్నాయక్కా. రావు, అంతే."

"రాకపోతే పాయ. ఉండాయని రాస్తావు గదా పుస్తకంలో?"

"రాసేది నువ్వే. శుక్రవారం శుక్రవారం కొలిచి నువ్వే రాయాలి."

చదివింది అయిదో తరగతే అయినా అంకెల దగ్గర ఆమెను మోసం చెయ్యడం ఎవరి వల్లా కాదు. పత్తి ఏరిన చేతులు, తూకం ముల్లు మీద కన్ను పెట్టి పెరిగిన మనిషి. అందుకే నేను కాస్త గొప్పలకు పోయాను. టేపు చూపేది పైపు అంచు నుంచి లోతు. మాకు కావలసింది నేల నుంచి లోతు. కాబట్టి నేల మీదికి పైపు ఎంత ఎత్తుందో అంత తీసెయ్యాలి. ఆ రోజు అది నలభై అయిదు సెంటీమీటర్లు. 'ఎప్పుడూ నలభై అయిదు తీసెయ్యక్కా' అని ఉంటే ఈ కథే లేదు. నేను పెద్ద పండితుడిలా, "ప్రతిసారీ పైపు ఎత్తు స్కేలుతో కొలిచి తీసెయ్యాలక్కా, అదీ పద్ధతి" అన్నాను. పుస్తకంలో మాత్రం తీసేశాక మిగిలే చివరి అంకె ఒక్కదానికే గడి ఉంది.

నేను మళ్లీ ఆ బోరు దగ్గర వంగలేదు. నెలకోసారి పోయేవాణ్ని, పుస్తకం చూసుకునేవాణ్ని, ఆమె పెట్టిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తినేవాణ్ని, నిటారుగా నిలబడి సంతకం పెట్టి వచ్చేవాణ్ని. వంగాలనుకున్నప్పుడల్లా వెనకాల చల్లగాలి తగిలినట్టుండేది.

భీమక్క ఒక్క శుక్రవారం తప్పలేదు. తప్పలేదని ఒక్క మాటలో రాస్తే సరిపోదు, ఆ ఊరి సంగతి తెలియాలి. కార్తీకం దాటితే అక్కడ ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లా మేకా లారీలెక్కి సుగ్గికి పోతారు. మిగిలేది ముసలివాళ్లు, కుక్కలు. కూలి లేని ఆ మూణ్ణాలుగు నెలలూ ఆమె ఎలా గడిపేదో నేను అడగలేదు. ఆమె కూతురు సంతోషి అడిగింది, నేను రొట్టె తింటుండగానే.

"అమ్మా, ఆ బొక్కలోకి టేపు ఇడిస్తే కూడు వస్తాదా? రా, పోదాం."

"మీరు పోండి. శుక్రారం ఎవురు కొలుస్తారు?"

"కొలవకపోతే నీళ్లు పారిపోతాయా?"

"మీ నాయిన మాట పోతాది" అంది భీమక్క, నా కంచంలో ఇంకో రొట్టె వేస్తూ.

సంతోషికి తొలికాన్పు మిరపచేల దగ్గర గుడిసెలోనే అయింది, నెల ముందుగా. కబురు గురువారం సాయంత్రం వచ్చింది. శుక్రవారం పొద్దున్నే కొలిచి, రాసి, అప్పుడు బస్సెక్కింది భీమక్క. ఆమె పోయేసరికి పిల్లను పూడ్చిపెట్టి ఒక పూట అయింది. ఆ తర్వాత రెండేళ్లు కూతురు ఆమెతో మాట్లాడలేదు. ఆ వారం అంకె కూడా పుస్తకంలో ఉంది. నలభై రెండు పాయింటు ఆరు. రాత ఎక్కడా వంకర పోలేదు.

పోయినేడాది జూలైలో సాయిసుధ మేడమ్ వచ్చింది. మా సంస్థలో కొత్తగా చేరిన శాస్త్రవేత్త, ముప్పై లోపు పిల్ల. ముప్పై బోర్లూ స్వయంగా తనిఖీ చేస్తానని బయల్దేరింది. ఆ పిల్లకు ప్యాంటు భయాలేమీ లేవు. నేరుగా నేల మీద కూర్చుని స్కేలు పెట్టింది. చేతిలో నేను పదకొండేళ్ల కింద నింపిన మొదటి ఫారం.

"సార్, ఇందులో పైపు ఎత్తు నలభై అయిదు. ఇప్పుడు పంతొమ్మిదే ఉంది. పైపు కుంగిందా, నేల పెరిగిందా?" కళ్లు మెరిశాయి. "పైపు కుంగుతోందంటే అది పెద్ద విషయం. దాని మీదే ఒక పేపరు రాయొచ్చు."

భీమక్క ముందుకొచ్చింది.

"నేలే పెరిగింది పాపా. నేనే పెంచినా. శుక్రారం పొయ్యీ గడపా అలికి, ఆ చేత్తోనే దీన్నీ అలుకుతా గదా. వానకు కొంచెం పోతాది, మల్లీ అలుకుతా."

అప్పుడు చూశాను నేను. పైపు చుట్టూ ఎర్రమట్టి, పేడ కలిపి అలికిన నున్నటి అరుగు. పదకొండేళ్లుగా నెలనెలా కళ్ల ముందున్నది. ఏడాదికి వేలి మందం చొప్పున జానెడు దాటి లేచింది. పైపు అంతకంతకూ పొట్టిదైంది. ఆమె నా మాట ప్రకారం ప్రతిసారీ కొలిచి, తగ్గిన ఎత్తునే తీసేసింది. నీళ్లు ఉన్నదానికన్నా కిందికి పోయినట్టు రాతలో పడింది.

"పదకొండేళ్లుగా ఎవరూ చూడలేదా సార్?" అంది సుధ.

ఇక్కడ నేనన్న మాట రాయకుండా దాటేద్దామని రెండుసార్లు కాగితం చింపాను. అన్నది ఇదీ: "ఎన్నిసార్లు చెప్పినా వీళ్లింతే మేడమ్. చదువు లేనోళ్లు."

భీమక్క నా వైపు చూసింది. నేను మెచ్చుకుంటూ తిన్న రొట్టెలన్నీ ఆ చూపులో ఉన్నాయి. తర్వాత సుధ వైపు తిరిగి, "తప్పు నాదేలేమ్మా. సారు సెప్పినాడు" అంది.

సుధ పుస్తకం మూసింది. "తప్పు చిన్నదే అమ్మా. కానీ ఏ ఏడాది ఎంత తప్పో తెలియదు. ఎంతో తెలియని తప్పున్న బోరును లెక్కలో ఉంచలేం. తీసెయ్యాలి."

"తీసేస్తే?"

"మీరు రాసినవి పక్కన పెట్టేస్తారు. బోరుకు మూత వేసి పూడ్చమంటారు."

"అంటే ఇంక నీళ్లు లేనట్టేనా?"

"లేవని కాదమ్మా. ఉన్నాయో లేవో మేం చెప్పలేమని."

"ఊళ్లోవాళ్లకు రెండూ ఒగటే పాపా."

భీమక్క అరుగు వైపే చూస్తూ ఉండి, "యా ఏడు ఎంత పెరిగిందో తెలిస్తే సాలునా?" అని అడిగింది.

"తెలిస్తే చాలు. ఎలా తెలుస్తుంది?"

"ఉగాదికి సుద్ద పూస్తా. ఏడాదికొకతూరి. లోపల తెల్లచారలుంటాయి."

సుధ లేచి నిలబడింది. చెట్టు మానులో వయసు చారలు చూసినట్టు అరుగును నిలువునా కోస్తే ఏటికొక చార కనపడుతుంది. చారకూ చారకూ మధ్య కొలిస్తే ఏ ఏటి తప్పు ఆ ఏటికి సరిచెయ్యొచ్చు. పడమటి వైపు చాకుతో కొంచెం కోసి చూసింది. ఎదురు జల్లు కొట్టి ఆ వైపు పొరలన్నీ అరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నాలుగైదు చారలకు మించి లేవు.

"వానమరుగు వైపు బాగుంటాయి. తూర్పున కోద్దాం."

"తూరుపున వద్దు" అంది భీమక్క.

"ఎందుకమ్మా?"

"ఆడ ఆయప్ప సెయ్యి ఉండాది, అడుగున."

అప్పుడు చెప్పింది, పచ్చి సిమెంటులో బసప్ప వేసిన అచ్చు సంగతి.

"మరి ఎందుకు కప్పినావక్కా?" అని అడిగాను నేను, బుద్ధి లేక.

"ఎవురైనా తొక్కుతారని."

ఎవరో చెప్పలేదు. ఆమె చెప్పదు. తువ్వాలు చుట్టుకుని ఆ రోజు నేను కదలకుండా నిలబడింది పైపుకు తూర్పు పక్కనే.

భీమక్క అరుగు తూర్పు అంచు చేత్తో తడిమింది. చివరికి, "కోస్తే లెక్క సరిపోతాదా?" అంది.

"సరిపోతుందమ్మా."

"ఆయప్ప సెప్పింది నిజమని పుస్తకంలో నిలబడతాదా?"

"నిలబడుతుంది."

ఇంటికిపోయి కొడవలి తెచ్చింది. చాకు చాపిన సుధ చేతిని పక్కకు జరిపి తనే కోసింది. జానెడు వెడల్పు ముక్క. ఎర్రటి మట్టిలో దారం పరిచినట్టు తెల్లటి చారలు, కింది నుంచి పైకి. లెక్కపెడితే పది. పదకొండు ఉండాలి.

"ఇదో, ఈ బూడిదరంగుది" అని వేలు పెట్టి చూపించింది. "కరోనా ఏడు. సుద్ద అమ్మే తిమ్మమ్మ రాలేదు. పొయ్యిలో బూడిదె పూసినా."

సుధ ఫోనుతో ఫొటోలు తీసింది, చారచారకూ స్కేలు పెట్టి రాసుకుంది. ఆఖరికి భీమక్క ముక్క కింద చెయ్యి దూర్చి లేపింది. బసప్ప సిమెంటులో ఇసుకే ఎక్కువ. గట్టు పైపొర పొడిపొడిగా రాలిపోయింది. అచ్చు నేల మీద మిగల్లేదు. మట్టికి మిగిలింది. ముక్కను తిరగేస్తే అడుగున అరచెయ్యి ఉబ్బెత్తుగా లేచి ఉంది. అయిదు వేళ్లు, బొటనవేలి మొదట్లో ఒక గాటు.

"దోటి కొడవలి తగిలింది" అంది ఆ గాటు చూసి. తన అరచెయ్యి దాని మీద ఆనించి, తీసేసింది.

ఫొటోలు సరిపోతాయేమో గానీ, పైవాళ్లు నమ్మాలంటే ముక్క ఉంటే మంచిదని సుధ మెల్లగా అంది. ఇమ్మని అడగడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. భీమక్కే అంది: "తీసుకపోండి. ఈడుంటే వానకు తడుస్తాది. ఆడైతే తడవదు."

రొట్టెల బుట్టలో పత్తి పరిచి, దాని మీద పడుకోబెట్టి, నా చేతికిచ్చింది. నా చేతికే ఎందుకిచ్చిందో ఆ దేవుడికి తెలియాలి. సుధ జీపులో ఇంకో ఊరికి పోయింది. నేను బుట్ట ఒళ్లో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. బస్సెక్కితే నిద్రపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. సగం దారిలో స్పీడుబ్రేకరు దగ్గర మెలకువ వచ్చేసరికి బుట్ట నా కాళ్ల దగ్గర బోర్లా పడి ఉంది. పక్క సీటాయన, "ఏముందన్నా దాంట్లో, రాగిపిండా?" అని అడిగాడు.

ఫొటోలే సరిపోయాయి. పైవాళ్లు ఒప్పుకున్నారు. పదకొండేళ్ల అంకెలూ ఏటికేడు సరిచేసి, ఆ బోరును లెక్కలో నిలబెట్టారు. ఆ కబురు చెప్పడానికి పోతే భీమక్క అడిగిన మొదటి మాట, "సెయ్యి బాగుండాదా అప్పా?"

"బాగుందక్కా. అద్దాల పెట్టెలో పెట్టినారు."

అదెలా వచ్చిందో నోటికి. తర్వాత నెలనెలా ఆ పెట్టె పెరుగుతూ పోయింది. ఒకసారి దాని మీద లైటు పెట్టించాను. ఒకసారి కింద బసప్ప పేరు రాయించాను. "వేళ్లు అయిదూ ఉండాయా?" అనేది. "అయిదూ ఉన్నాయక్కా" అనేవాణ్ని. అరుగంతా తీసేశాక పైపు మళ్లీ నలభై అయిదయింది. ఆమె అక్కడ అలకడం మానేసింది. శుక్రవారాలు పొయ్యీ గడపా అలికాక మిగిలిన మట్టిని ఏం చెయ్యాలో తెలియనట్టు చేతులు కడుక్కునేది.

ఫిబ్రవరిలో ఇంక నా వల్ల కాలేదు. బీరువాలో దాచిన మట్టి పొడిని ప్లాస్టిక్ కవరుతో సహా తీసుకుపోయి ఆమె ముందు పెట్టి, నిద్ర సంగతితో సహా చెప్పేశాను. చదువు లేనోళ్లన్న మాటకు కూడా అప్పుడే క్షమించమన్నాను.

కవరు విప్పి, పొడిని వేళ్లతో నలిపి చూసింది. "నాకు తెల్సులేప్పా. మట్టి తెలీదా నాకు? కోసిగి దాటదనుకున్యా. సగం దారి పోయింది గదా, గట్టిదే."

"తెలిసీ ఎందుకిచ్చినావక్కా?"

"లెక్క గావాల గదా."

"మరి నేను నెలనెలా అబద్ధం చెప్తుంటే..."

"సెప్తాంటే ఇనేకి బాగుండె" అంది. అంతే. రొట్టె పెట్టింది.

ఈ ఏడాది మే నెల రెండో శుక్రవారం నేనక్కడే ఉన్నాను. ఆమె టేపు దించింది. అరవై మీటర్లు, అరవై రెండు, అరవై నాలుగు. కూత రాలేదు. అరవై ఆరు దగ్గర గుండు అడుగున ఆనుకుని టేపు వదులైంది. పైకి లాగి, మళ్లీ దించింది. మూడోసారీ దించింది. గుండు పైకొచ్చినప్పుడు దాని కొసకు కొంచెం బురద అంటుకుని ఉంది, తడి ఆరిపోతూ.

"ఏం రాయాలప్పా?"

"ఎండిపోయింది అని రాయాలక్కా."

పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ రాసింది. రాసి, వెనక్కి పేజీలు తిప్పింది. "ముందరివి అట్లే ఉంటాయి గదా? నీళ్లుండె అని?"

"ఉంటాయక్కా. అన్నీ సరైనవే. ఎవరూ కొట్టెయ్యలేరు."

తల ఊపింది. టేపు చుట్టి, తువ్వాలుతో గుండు తుడిచి, పైపు మీద మూత పెట్టింది. తర్వాత నేల మీద కూర్చుని, పైపుకు వీపు ఆనించి, "ఆ అద్దాల పెట్టె సంగతి ఇంకొకతూరి సెప్పప్పా" అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "పెద్ద హాలక్కా అది," అన్నాను. "గుమ్మం దాటంగానే ఎదురుగా ఉంటుంది. పైన లైటు ఎప్పుడూ ఆర్పరు."

"వేళ్లు?"

"అయిదూ ఉన్నాయి. బొటనవేలి దగ్గర గాటు కూడా."